బరువు తగ్గించే ఆపరేషన్ తర్వాత మందు, తంబాకు, చిరుతిళ్లు: అలవాట్లను మళ్లీ గాడిన పెట్టుకోవడం ఎట్లా

బేరియాట్రిక్ ఆపరేషన్ అయిన మొదటి ఏడాది చాలామందికి బాగానే గడుస్తుంది. నెలనెలా బరువు తగ్గుతుంది, పాత బట్టలు వదులవుతాయి, ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకుని మరీ గుడ్లు ఉడికించి పెడతారు. అసలు చిక్కు రెండో ఏట మొదలవుతుంది. అప్పటికి ఆకలి కొంత తిరిగొస్తుంది. డాక్టర్ దగ్గరికి పోవడం తగ్గుతుంది. మనిషి ఆరోగ్యంగా కనిపిస్తున్నాడు కాబట్టి దావత్‌లకు పిలుపులు పెరుగుతాయి.

అమెరికాలో పలు ఆస్పత్రులు కలిసి చేసిన ఎల్‌ఏబీఎస్-2 పరిశీలనలో గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గించే ఆపరేషన్లలో ఒక రకం) చేయించుకున్నవాళ్లను ఏళ్ల తరబడి గమనించారు. ఆపరేషన్‌కు ముందు ఏడాది తాగుడు సమస్య లేనివాళ్లలోనే దాదాపు 20 శాతం మందికి ఐదేళ్లలోపు మద్యం వ్యసన లక్షణాలు మొదలయ్యాయి. మగవాళ్లు, వయసులో చిన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు, ఆపరేషన్‌కు ముందు అప్పుడప్పుడైనా మందు ముట్టేవాళ్లు, దగ్గర మనుషుల తోడు తక్కువగా ఉన్నవాళ్లు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని అందులో తేలింది. కాబట్టి "నాకు ముందునుంచి అలవాటు లేదు కదా" అన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

ఒంట్లో ఏం మారింది

స్లీవ్ అనే ఇంకో రకం ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేస్తారు. బైపాస్‌లో జీర్ణాశయం పైభాగంలో సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. మామూలు మనిషి తాగిన మందు కాసేపు జీర్ణాశయంలో ఆగుతుంది, అక్కడి ఎంజైము దానిలో కొంత భాగాన్ని విరగ్గొడుతుంది, మిగిలింది మెల్లగా పేగులోకి దిగుతుంది. ఆపరేషన్ తర్వాత ఈ ఆగడం ఉండదు. బైపాస్ అయిన మనిషి పెగ్గు వేస్తే దాదాపు పది నిమిషాల్లోపే రక్తంలో మద్యం శిఖరానికి చేరుతుంది. రెండు పెగ్గులు వేస్తే నాలుగు పెగ్గులంత ఎక్కుతుంది. స్లీవ్‌లో ఈ తేడా మనిషిని బట్టి ఉంటుంది, కానీ అదే రకం అనుకుని జాగ్రత్తపడాలి.

ఎంత తొందరగా ఎక్కితే మెదడు అంత గట్టిగా గుర్తుపెట్టుకుంటుంది. వ్యసనం పుట్టేది ఇక్కడే. దీనికి తోడు, ఇంతకాలం కోపం వచ్చినా దిగులు కలిగినా కడుపునిండా తిని ఊరట పొందిన మనిషికి ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. కడుపు చిన్నదైంది, మనసులోని లోటు అట్లాగే ఉంది. అది ఇంకో దారి వెతుకుతుంది. కొందరికి మందు, కొందరికి గుట్కా, కొందరికి రోజంతా మిక్చర్ నమలడం, ఇంకొందరికి ఫోన్‌లో పందేలు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లోనే నిషేధించినా దొడ్డిదారిన ఆడేవాళ్లు ఉన్నారు. పేరు ఏదైనా, దాన్ని పట్టే పద్ధతి ఒకటే.

లెక్క కూడా తెలిసి ఉండాలి. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ విస్కీలో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, 420 కేలరీలకు పైమాటే. మాంసకృత్తులు సున్నా. రోజంతా వెయ్యి, పన్నెండు వందల కేలరీలు తినే మనిషికి అది మూడో వంతు. బీరులోని గ్యాసు చిన్న సంచిని ఉబ్బించి నొప్పి పుట్టిస్తుంది. ఇక బండి సంగతి. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే నేరం. ఆపరేషన్ అయినవాళ్లు ఒక్క పెగ్గుతోనే ఆ గీత దాటవచ్చు. కాబట్టి "ఒక్కటే కదా" అని హ్యాండిల్ పట్టుకోవద్దు.

మా మాట సూటిగా: మొదటి ఏడాది చుక్క కూడా వద్దు. పైన చెప్పిన ముప్పులున్నవాళ్లు, ముందు ఎప్పుడైనా తాగుడు సమస్య ఉన్నవాళ్లు జన్మలో ముట్టకపోవడమే మంచిది.

కల్లు మందు కాదనుకోవద్దు

మన దగ్గర ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. విస్కీ మానేసి, "చల్లగా ఒక సీసా కల్లే కదా, చెట్టు నుంచి వచ్చిందే కదా" అంటారు. పులిసిన కల్లులో ఆల్కహాల్ దాదాపు బీరంత ఉంటుంది. పొద్దున్నే దించిన తియ్యటి కల్లులో చక్కెర ఎక్కువ, బైపాస్ అయినవాళ్లకు అది డంపింగ్ తెస్తుంది, అంటే తీపి ఒక్కసారిగా పేగులోకి దిగిపోయి వచ్చే ఇబ్బంది. గుండె దడ, చెమటలు, కడుపులో మెలి, విరేచనం అన్నీ అరగంటలోపే.

అంతకంటే పెద్ద ప్రమాదం కల్తీ. దుకాణాల్లో అమ్మే కల్లులో ఆల్‌ప్రజోలం, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతూ పట్టుబడిన కేసులు తెలంగాణలో చాలా ఉన్నాయి. అవి నిద్రమాత్రల జాతి. ఏళ్ల తరబడి రోజూ అట్లాంటి కల్లు తాగి ఒక్కసారి మానేస్తే ఫిట్స్ రావచ్చు, పిచ్చిపట్టినట్టు ప్రవర్తించవచ్చు, మెడ వంకరపోవచ్చు. అది దయ్యమూ కాదు, చేతబడీ కాదు. ఆస్పత్రిలో డాక్టర్లు అదే జాతి మందు ఇచ్చి మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఇంట్లో కట్టేసి మాన్పించడం ప్రాణం మీదికి తెస్తుంది.

బోనాలకో పెద్దమ్మ పండుగకో సాక పోయాలంటే పొయ్యండి. అది అమ్మవారికి పోసేది. మిగిలింది ఇంటికి తేవద్దు.

తంబాకు, నొప్పి గోలీలు

బైపాస్ చేసినచోట, సంచికి పేగుకు అతుకు వేసిన దగ్గర పుండు పడటం ఈ ఆపరేషన్ తర్వాత కనిపించే పెద్ద సమస్య. ఆ పుండును పెంచేవి ముఖ్యంగా రెండు. ఒకటి పొగాకు: సిగరెట్, బీడీ, గుట్కా, జర్దా, ఖైని ఏదైనా. రెండోది నొప్పి గోలీలు. పొగాకు రక్తనాళాలను బిగించి ఆ అతుకుకు రక్తం సరిగ్గా అందనివ్వదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ లాంటివి లోపలి పొరను కాపాడే జిగురును తగ్గిస్తాయి. రెండూ కలిస్తే పుండు పడి రక్తం కారవచ్చు, చిల్లు కూడా పడవచ్చు.

మన ఊళ్లలో ఒళ్లు నొప్పులంటే ఆర్‌ఎంపీ దగ్గర వేసే సూది చాలావరకు డైక్లోఫెనాకే. సూది కాబట్టి కడుపులోకి పోదు కదా అనుకుంటారు. రక్తం ద్వారా అదే పని చేస్తుంది. అడిగి తెలుసుకుని వద్దని చెప్పండి. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు, కానీ తాగుడు అలవాటు ఉన్నవాళ్లు మోతాదు డాక్టర్‌ను అడిగే వాడాలి. గుండె కోసం యాస్పిరిన్ రాసినవాళ్లు మాత్రం తమంతట తాము ఆపొద్దు, సర్జన్‌కు చెప్పి రక్షణగా ఇంకో గోలీ అవసరమేమో అడగాలి. ట్రమడాల్ గోలీలు ఆపరేషన్ నొప్పికి నాలుగు రోజులు ఇస్తారు. నొప్పి తగ్గాక నిద్ర కోసమో హుషారు కోసమో వాటిని వెతుక్కుంటుంటే అది కూడా వ్యసనమే.

గుట్కా మానడానికి రోజు నిర్ణయించుకుని ఆ రోజు నుంచి పూర్తిగా ఆపేయాలి. మొదటి మూడు రోజులు చిరాకు ఎక్కువ, రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. నోరు ఊరికే ఉండలేదంటే లవంగం, సోంపు, వాము పనికొస్తాయి. వక్కపొడి వద్దు, వక్కకు దాని సొంత వ్యసనం ఉంది. నికోటిన్ చూయింగ్ గమ్ మెడికల్ షాపులో దొరుకుతుంది గానీ, బైపాస్ అయినవాళ్లు సర్జన్‌ను అడగకుండా మొదలుపెట్టొద్దు, ఎందుకంటే నికోటిన్ కూడా పుండుకు మేలు చేసేది కాదు. పొగాకు మానడానికి జాతీయ ఉచిత ఫోన్ లైన్ 1800 11 2356.

సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా

రోజు మొత్తంలో చేతికి పగ్గం కావాల్సింది ఈ రెండున్నర గంటలకే. పని దిగుతుంది, కడుపు ఖాళీగా ఉంటుంది, ఒళ్లు అలసి ఉంటుంది, దోస్తుల ఫోన్లు వస్తాయి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట ఈ నాలుగింటిలో ఏ రెండు కలిసినా కోరిక లేస్తుంది. కాబట్టి కోరిక లేచాక కొట్లాడటం కంటే అంతకుముందే దాని కింద మంట తీసేయాలి.

ఐదున్నరకు తప్పకుండా ఏదైనా తినండి. రెండు ఉడికించిన గుడ్లు, లేదా గుప్పెడు వేయించిన శనగలు, ఒక చిన్న కప్పు గట్టి పెరుగు. చాయ్ బిస్కెట్ కాదు. ఆ తర్వాత ముప్పై నిమిషాలు నడవండి. హనుమకొండలో ఉన్నవాళ్లకు వడ్డేపల్లి చెరువు కట్ట, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్, వరంగల్ వైపు భద్రకాళి బండ్ ఉన్నాయి. ఊళ్లో అయితే బడి గ్రౌండ్ చాలు. నడిచే దారిలో వైన్స్ గానీ బెల్టు షాపు గానీ ఉంటే దారి మార్చండి, కిలోమీటరు ఎక్కువైనా ఫర్వాలేదు. ఒక్కరే పోకుండా ఒక మనిషిని కుదుర్చుకుంటే మంచిది, ఎందుకంటే ఎవరో ఎదురుచూస్తున్నారని తెలిస్తే ఎగ్గొట్టడం కష్టం.

కోరిక లేచినప్పుడు అది పెరిగి పెరిగి మనల్ని ముంచేస్తుందని భయం వేస్తుంది. సాధారణంగా అట్లా జరగదు. పదిహేను నుంచి ముప్పై నిమిషాల్లో అది దానంతట అదే దిగుతుంది. ఆ సేపు చేయాల్సింది: ఉన్నచోటు నుంచి లేచి ఇంకోచోటికి పోవడం, గ్లాసు నీళ్లు గుక్కగుక్కగా తాగడం, ముందే అనుకున్న ఒక మనిషికి ఫోన్ చేయడం. "మందు గుర్తొస్తుంది, పదినిమిషాలు మాట్లాడు" అని ఉన్నదున్నట్టు చెప్పాలి. ఏదో సాకు చెప్పి మాట్లాడితే అవతలి మనిషి రెండు నిమిషాల్లో పెట్టేస్తారు.

చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. కోరిక లేచిన టైము, ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు, అంతకుముందు ఏం జరిగింది, చివరికి ఏం చేశారు. ఐదే ముక్కలు. రెండు వారాలు రాస్తే ఒక వరుస కనబడుతుంది. జీతం పడిన రోజో, ఆదివారం యాటకూర వండిన రోజో, ఫలానా బామ్మర్ది ఇంటికి వచ్చిన రోజో. అప్పుడు ఆ రోజుకే ఏర్పాటు చేసుకోవచ్చు. రైతులకైతే పత్తి అమ్మిన రోజు ముఖ్యం. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి దింపి, చేతిలో పైసలు పట్టుకుని ఒంటరిగా తిరిగొచ్చే దారి చాలా పొడుగ్గా ఉంటుంది. ఆ రోజు ఇంటినుంచి ఒకరు తోడు పోవాలి, డబ్బు వీలైనంత వరకు ఖాతాలో పడేట్టు చూసుకోవాలి. ఫోన్ పేమెంట్ రోజువారీ పరిమితిని ఐదు వందలకు తగ్గించుకోవడం కూడా పనిచేస్తుంది.

ఇంట్లో ఉన్న సీసాలు పారబోయాలి. "వచ్చేవాళ్ల కోసం" అని అల్మారాలో దాచిన సీసా వచ్చేవాళ్ల కోసం ఉండదు.

దావత్‌లో ఏం చెప్పాలి

పెళ్లి, పుట్టువెంట్రుకలు, దసరా, చివరికి దినాలు కూడా మందు లేకుండా జరగని ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అక్కడికి పోయాక ఆలోచిస్తే ఓడిపోతారు. మాట ముందే తయారు చేసుకోవాలి, అది చిన్నగా ఉండాలి, వాదనకు చోటివ్వకూడదు. "ఈ నెల మానేసిన" అంటే "ఇయ్యాల ఒక్కరోజు" అంటారు. "గోలీలు వాడుతున్న" అంటే "నేను కూడా వాడుతున్న" అంటారు. పనిచేసే మాట ఇది: "కడుపు కోసిండ్రే అన్నా. చుక్క పడితే లోపల పుండు పడుతది, మళ్లా కోయాలె. మజ్జిగ ఉంటే ఇయ్యి." రెండోసారి అడిగితే ఇదే మాట మార్చకుండా చెప్పాలి. మూడోసారి అడిగితే లేచి పిల్లల దగ్గరికో వంట దగ్గరికో పోవాలి.

చేతిలో ఎప్పుడూ ఒక గ్లాసు ఉంచుకోండి, మజ్జిగో నీళ్లో. ఖాళీ చేతిని చూసే ఎవరైనా పోస్తారు. అందరికంటే ముందు తినేసి, అందరూ మందుకు కూర్చోకముందే బయలుదేరడం మర్యాద తక్కువేం కాదు. మొదటి ఆరు నెలలు రాత్రి దావత్‌లు మానుకుని పగటి కార్యానికి పోయి వస్తే ఇంకా సులువు.

చేతులు వణికితే ముందు షుగర్ చూడండి

బైపాస్ అయినవాళ్లలో కొందరికి తిన్న గంట నుంచి మూడు గంటల మధ్య రక్తంలో చక్కెర పడిపోతుంది. స్వీటో అన్నమో ఎక్కువ తింటే చక్కెర ఒక్కసారి పెరిగి, దానికి తగ్గట్టు ఇన్సులిన్ ఎక్కువగా ఊరడం వల్ల ఇట్లా జరుగుతుంది. చేతుల వణుకు, చెమట, చిరాకు, మాట తడబాటు వస్తాయి. తాగుడు మానుతున్న మనిషికి ఇది మందు కోసం వణుకులాగే అనిపిస్తుంది, ఇంట్లోవాళ్లకు తాగొచ్చినట్టే కనిపిస్తుంది. తప్పు అర్థం చేసుకుని ఒక పెగ్గు వేస్తే చక్కెర ఇంకా పడిపోతుంది, ఎందుకంటే మద్యాన్ని విరగ్గొట్టే పనిలో ఉన్న కాలేయం చక్కెరను సరిగ్గా విడుదల చేయదు.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంచండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, కోలుకున్నాక గుడ్డో పల్లీలో తినాలి. 54 కంటే తక్కువ పడినా, ఇట్లా రెండోసారి జరిగినా సర్జన్‌కు చెప్పాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఒకసారి జారితే

జారడం వ్యసనంలో తరచూ జరిగేదే. ప్రమాదం ఆ తర్వాతి ఆలోచనలో ఉంది: "ఎట్లాగూ తాగేసిన, ఇక ఈ వారం అయిపోయింది." ఆ రాత్రే ఆపండి. బండి ఎక్కొద్దు. నిద్రమాత్రలు, నొప్పి గోలీలు వేసుకోవద్దు. కొద్దిగా ఏదైనా తిని, ఒక పక్కకు తిరిగి పడుకోండి. పొద్దున్నే ఒక్క మనిషికైనా చెప్పండి, దాస్తే రెండోసారి సులువవుతుంది. నోట్‌బుక్‌లో ఆ ఐదు ముక్కలు రాయండి.

ఇంట్లోవాళ్లు ఆ రాత్రి తిట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. పొద్దున మాట్లాడాలి. ఇంకో సంగతి మనసులో పెట్టుకోవాలి. ఈ ఆపరేషన్ తర్వాత కొందరిలో దిగులు, బతకాలని లేదన్న ఆలోచన పెరుగుతాయి, మందు దాన్ని రెట్టింపు చేస్తుంది. వ్యవసాయం ఉన్న ఇళ్లలో పురుగుల మందు డబ్బాలు ఇంట్లో ఉంచొద్దు, తాళం వేసి తాళంచెవి వేరేవాళ్ల దగ్గర పెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కి ఏ టైములో అయినా ఫోన్ చేయవచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

రోజూ తాగేస్థాయికి వస్తే

అప్పటికప్పుడు ఇంట్లో ఆపేయవద్దు. రోజూ ఎక్కువ తాగేవాళ్లకు ఆపిన ఆరు గంటల నుంచి వణుకు మొదలై, రెండు రోజుల్లోపు ఫిట్స్, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పడం, లేనివి కనిపించడం జరగవచ్చు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో గానీ, దగ్గర్లోని మానసిక వైద్యుడి దగ్గర గానీ చూపించుకుని మందులతో మానాలి.

కొన్ని ఊళ్లలో తాగుడు మాన్పించే పొడి అని అమ్ముతారు, మనిషికి తెలియకుండా కూరలో కలపమంటారు. వాటిలో డైసల్ఫిరామ్ ఉండవచ్చు. అది ఒంట్లో ఉండగా మందు తాగితే బీపీ పడిపోయి, గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. ఆపరేషన్ అయి మద్యం వేగంగా ఎక్కే ఒంట్లో ఇది ఇంకా ప్రమాదం. అది తాగే మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టర్ చూస్తుండగా వాడాల్సిన మందు. కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్ లాంటి మందులు కూడా ఉన్నాయి. కాలేయం పరీక్ష చేసి ఇస్తారు. ట్రమడాల్ వాడుతున్నట్టయితే ముందే చెప్పాలి, రెండూ కలిస్తే తీవ్రమైన ఇబ్బంది వస్తుంది. మెల్లగా కరిగే పెద్ద గోలీలు బైపాస్ తర్వాత సరిగ్గా పనిచేయకపోవచ్చు, కాబట్టి మానసిక వైద్యుడికి ఏ ఆపరేషన్ అయిందో చెప్పాల్సిందే.

డీ-అడిక్షన్ సెంటర్‌లో చేర్పించేముందు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. మానసిక వైద్యుడు ఎన్ని రోజులకోసారి వస్తాడో, రాత్రి ఫిట్స్ వస్తే ఏ ఆస్పత్రికి తీసుకుపోతారో, మాంసకృత్తులున్న తిండి కొద్దికొద్దిగా ఐదారు సార్లు పెడతారో లేదో అడగండి. గొలుసులతో కట్టేయడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నిషేధం. మత్తు మందుల సమస్యలకు జాతీయ లైన్ 14446.

వాంతులు, గ్లూకోజ్ బాటిల్, థయమిన్

ఈ ఒక్క భాగం ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ఆపరేషన్ అయినవాళ్లలో బీ1 విటమిన్, అంటే థయమిన్, నిల్వలు తక్కువ. వాంతులు రోజుల తరబడి ఉన్నా, తాగుడు ఉన్నా అవి కొద్ది వారాల్లోనే ఖాళీ అవుతాయి. అట్లాంటి మనిషి నీరసంగా ఉన్నాడని ఊళ్లో గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తే, ఆ చక్కెరను వాడుకోవడానికి మిగిలిన కొద్దిపాటి థయమిన్ కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, పొంతన లేని మాటలు దీని గుర్తులు. తాగి తూలుతున్నాడనుకుని పడుకోబెడితే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. అదే రోజు పెద్దాస్పత్రికి తీసుకుపోవాలి. గ్లూకోజ్‌కు ముందే థయమిన్ సూది పడాలి.

జేబులో పెట్టుకోవడానికి ఒక కార్డు రాసుకుని లామినేషన్ చేయించండి:

"నాకు ఫలానా తేదీన స్లీవ్ / బైపాస్ ఆపరేషన్ జరిగింది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు ఇవ్వొద్దు. వాంతులతో గానీ మతి తప్పి గానీ వస్తే గ్లూకోజ్‌కు ముందు థయమిన్ ఇవ్వండి. రక్తంలో చక్కెర చూడండి. ముక్కు నుంచి కడుపులోకి గొట్టం గుడ్డిగా వేయొద్దు. సర్జన్ ఫోన్ నంబరు, ఇంటివాళ్ల నంబరు."

తిండి

ఏ నెలలో ఏం తినాలో ఆస్పత్రి చార్టులో ఉంటుంది, దాన్ని ఇక్కడ తిరగరాయడం అనవసరం. అలవాటు జారేచోట్లు మాత్రం చెప్పాలి.

రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు కావాలి. గుడ్డులో 6 గ్రాములు, వండిన చికెన్ 100 గ్రాముల్లో 25 దాకా, చేపలో 20 దాకా, 100 గ్రాముల పనీర్‌లో 18, పొడి మీల్‌మేకర్ 30 గ్రాముల్లో 15, ఒక గిన్నె గట్టి పప్పులో 7 లేదా 8. పప్పుచారు తాగితే లెక్కలోకి రాదు, అందులో పప్పు కంటే నీళ్లే ఎక్కువ. పళ్లెంలో ముందు చేప, గుడ్డు లేదా పప్పు తినాలి, తర్వాత కూర, చివర అన్నమో జొన్నరొట్టో. అన్నంతో మొదలుపెడితే చిన్న సంచి అన్నంతోనే నిండిపోతుంది. తినడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పట్టాలి. తినేటప్పుడు నీళ్లు వద్దు, తిన్నాక అరగంట ఆగాలి. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు గుక్కగుక్కగా మిగతా వేళల్లో.

బరువు మళ్లీ పెరగడానికి ఎక్కువసార్లు కారణం పెద్ద భోజనం కాదు, నోరు ఖాళీ లేకపోవడం. సకినాలు, మురుకులు, మిక్చర్, బూంది, బిస్కెట్లు నోట్లో నలిగి మెత్తటి పిండిలా అయి తొందరగా కిందికి జారిపోతాయి, సంచి నిండినట్టు అనిపించదు. పెద్ద ముక్క మాంసం తినలేని మనిషి గంటలో డబ్బా మిక్చర్ ఖాళీ చేయగలడు. సంక్రాంతికి సకినాలు చేసుకోవద్దని చెప్పడం మా ఉద్దేశం కాదు. భోజనం అయ్యాక, కూర్చుని, రెండే సకినాలు చిన్న పళ్లెంలో పెట్టుకుని తినండి. డబ్బా పక్కన పెట్టుకుని టీవీ ముందు కూర్చోవద్దు. సద్దుల బతుకమ్మ మలీద అయినా, మేడారం బెల్లం ప్రసాదం అయినా నాలికకు అద్దుకునేంత చాలు. బెల్లం కూడా చక్కెరే, డంపింగ్‌కు తేడా తెలియదు.

చాయ్ ఇంకోటి. రెండు చెంచాల చక్కెరతో ఆరు చాయ్‌లంటే 60 గ్రాముల చక్కెర, ఇంచుమించు 240 కేలరీలు. పైగా చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రోజుకు రెండుకు తగ్గించి, చక్కెర అరచెంచా చేయండి, ఐరన్ గోలీకి ముందూ వెనకా గంట ఎడం ఉంచండి.

గోలీలు జీవితాంతం. మల్టీవిటమిన్ రోజూ. కాల్షియం సిట్రేట్ రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు, ఒకేసారి కాకుండా 500 చొప్పున విడివిడిగా. ఐరన్‌కు కాల్షియంకు మధ్య రెండు గంటలు. బీ12 గోలీ రోజూ లేదా నెలకోసారి 1000 మైక్రోగ్రాముల సూది. విటమిన్ డీ పరీక్షను బట్టి. తాగుడు ఉన్నవాళ్లు, జారుతున్నవాళ్లు థయమిన్ విడిగా ఎంత వేసుకోవాలో డాక్టర్‌ను అడగాలి. రక్తపరీక్షలు మొదటి ఏడాది 3, 6, 12 నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి. ప్రతిసారీ బరువుతో పాటు మందు, తంబాకు, నొప్పి గోలీలు, నిద్రమాత్రల సంగతి డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. అడగనిది చెప్పడం కష్టంగా ఉంటే నోట్‌బుక్ తీసుకుపోయి ఆ పేజీలు చూపించండి.